గోడ ఆరాకే తగ్గిన దగ్గు

దీపావళి దాటాక పట్టుకున్న దగ్గు సంక్రాంతి వెళ్లినా నన్ను వదల్లేదు. పగలు బాగానే ఉండేదాన్ని. తెల్లవారుజామున మాత్రం ఛాతీ బిగుసుకుపోయి, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపించేవి. మిరియాల పాలు, శొంఠి కషాయం, మందుల దుకాణంలో ఇచ్చిన సిరప్పు అన్నీ అయ్యాయి. మదనపల్లెలో అమ్మ దగ్గర ఉంటే దగ్గు దానంతటదే తగ్గేది. తిరుపతి వచ్చీ రాగానే మళ్లీ మొదలు.

ఈ సంగతి చెప్పగానే ఛాతీ వైద్యురాలు రాసుకోవడం ఆపి, "పడకగదిని ఆనుకుని స్నానాల గది ఉందా? గోడలకు చెమ్మ ఉందా?" అని అడిగారు. అంతకుముందు ఎవరూ అడగని ప్రశ్న అది. ఊపిరి ఎంత బలంగా వదలగలమో కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేయించారు. గొట్టంలోకి బలంగా ఊది, ఇన్‌హేలర్ పీల్చి, కాసేపాగి మళ్లీ ఊదాలి. రెండోసారి అంకెలు బాగా మెరుగుపడ్డాయి. ఉబ్బసమని తేలింది. బూజు నుంచి గాలిలోకి లేచే సూక్ష్మమైన బీజాలు కొందరి శ్వాసనాళాలకు పడవని, మందు వాపు తగ్గించినా అదే గాలి పీలుస్తుంటే వాపు తిరగబెడుతుందని చెప్పారు. ఇన్‌హేలర్ వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుందని కూడా హెచ్చరించారు.

మా స్నానాల గదికి కిటికీ లేదు. చిన్న వెంటిలేటరు ఒకటి డక్టులోకి, అంటే పైపులు దిగే ఇరుకు సందులోకి తెరుచుకుంటుంది. పైకప్పు మూలలో పుట్టీ పొరలు పొరలుగా ఊడి, నల్లటి చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండేవి. వేలితో నొక్కితే మెత్తగా దిగబడేది. "2021 నవంబరు వానల నుంచి ఊళ్లో అన్ని ఇళ్లూ ఇంతేనమ్మా, రంగు వేయిస్తాను" అన్నారు ఇంటి యజమాని. వేయించారు కూడా. చెమ్మ మీద రంగు వేయడమంటే పుండు మీద పౌడరు అద్దడమే. శివరాత్రికల్లా ఆ కొత్త తెలుపులోంచే చుక్కలు పైకి వచ్చాయి. ఈశాన్య రుతుపవనాలు ఎప్పుడో వెళ్లిపోయి ఎండలు ముదురుతున్నా గోడ తడిగానే ఉందంటే, ఆ నీళ్లు పై ఇంటి నుంచే దిగుతున్నాయని నాకు అర్థమైంది.

ప్లంబరును నేనే పిలిపించాను. ఆయన పై ఇంటి స్నానాల గదిలో, నీళ్లు పోయే జాలీ చుట్టూ నీలిమందు కలిపిన నీళ్లు నిలిపారు. మర్నాటికి మా పైకప్పు మూల లేత నీలం తేలింది. "అయ్యో, మా నీళ్లా అక్కా!" అని పై ఇంటావిడ వెంటనే పని మొదలుపెట్టించింది. ఆమె మేలు మరచిపోలేను. టైల్స్ తీసి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, నీళ్లు నిలిపి చూశాకే మళ్లీ పరిచారు. మా వైపు బూజు పట్టిన పుట్టీని తడిపి గీకమని పట్టుబట్టాను, పొడిగా గీకితే బీజాలు ఇల్లంతా లేస్తాయి. పనివాళ్లకు ఎన్-95 మాస్కులు ఇచ్చి, ఆ పూట నేను బయటే ఉన్నాను. గోడ పూర్తిగా ఆరేదాకా రంగు వేయనివ్వలేదు. ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించాం. స్నానమయ్యాక అద్దం మీది ఆవిరి పోయేవరకు అది తిరగాల్సిందే.

వేసవిలో తెల్లవారుజాము నిద్ర తిరిగి వచ్చింది. అలిపిరి మెట్లు గాలిగోపురం దాకా ఆగి ఆగి ఎక్కగలిగాను. వైద్యురాలు ఇన్‌హేలర్ మోతాదు తగ్గించారు గానీ మానేయమనలేదు. ఈసారి వానలు వెళ్లాక పరీక్ష చేసి చూద్దామన్నారు. కింది ఇంటి బాబుకూ రాత్రి దగ్గు ఉంది. అందుకే వానలకు ముందే డక్టు శుభ్రం చేయించమని అపార్టుమెంటు సంఘాన్ని పట్టుకుని అడుగుతున్నాను.