45 అడుగుల దగ్గర మళ్లీ మొదలు

మోచేతి లోపలి వైపు నొప్పి మొదలైనప్పుడు నాకు 13 ఏళ్లు. బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్‌ని కదా, చెయ్యి లాగడం మామూలే అనుకున్నాను. శనివారం ఒక జట్టుకి పిచింగ్, ఆదివారం ఇంకో జట్టుకి. చిన్న వయసు పిచర్ల చేతులు కాపాడడానికి పెట్టిన పిచ్ స్మార్ట్ నియమాల ప్రకారం ఆ వయసులో రోజుకి 95 బంతులు దాటకూడదు. 66 వేస్తే ఆ తర్వాత 4 రోజులు విశ్రాంతి. ఏ జట్టు లెక్క ఆ జట్టుదే, రెండూ కలిపి చూసినవాళ్లు లేరు. నేనూ నోరు విప్పలేదు.

డాక్టర్ రెండు మోచేతుల ఎక్స్‌రేలూ పక్కపక్కన పెట్టారు. కుడి చేతిలో, ఎముక ఎదిగే చోట ఉండే సన్నటి గీత ఎడమ చేతిలో కంటే వెడల్పుగా ఉంది. లిటిల్ లీగ్ ఎల్బో అన్నారు. పెద్దవాళ్లకి లిగమెంట్ (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) తెగే ఒత్తిడికే పిల్లల్లో ముందు ఈ ఎదిగే భాగం దెబ్బతింటుందట. తెగిన ఆ లిగమెంట్‌ని బాగుచేసే టామీ జాన్ సర్జరీ అంటారేమోనని వణికిపోయాను. అవసరం లేదన్నారు, కానీ 6 వారాలు బంతి ముట్టకూడదు. ఆ రోజులు కాళ్లకీ, నడుముకీ, భుజానికీ వ్యాయామాలతో గడిచిపోయాయి.

అసలు పరీక్ష తర్వాత మొదలైంది. ఫిజియో ఇచ్చిన కాగితంలో మొదటి మెట్టు: 45 అడుగుల దూరం నుంచి 25 విసుర్లు, కాస్త విరామం, మళ్లీ 25. మర్నాడు సెలవు. తర్వాత 60 అడుగులు, 90, 120. చిన్నపిల్లల ఆటలా ఉందని నాకు చిన్నతనంగా అనిపించింది. నొప్పికీ ఒక లెక్క ఉంది. వార్మప్‌లో నొప్పి వచ్చి మొదటి 15 విసుర్లలోపు పోతే, ముందుసారి చేసిందే మళ్లీ చేయాలి. పోకపోతే ఆ రోజుకి ఆపేయాలి.

90 అడుగుల రోజు, 15 దాటాక కూడా మోచెయ్యి సలుపుతూనే ఉంది. అవతల గ్లవ్ పట్టుకుని నాన్న, "ఎలా ఉందిరా?" అని అరిచారు.

"బానే ఉంది నాన్నా!"

50 పూర్తి చేశాను. ఆ రాత్రి టూత్‌పేస్ట్ మూత తిప్పలేక ఎడమ చేత్తో తిప్పుతుంటే నాన్న కంట పడ్డాను. ఆయన తిట్టలేదు. కాగితం తీసి, 90 పక్కన పెట్టిన టిక్కు కొట్టేసి, 60 దగ్గర కొత్త తేదీ వేశారు. తిట్టినా అంత బాధపడేవాణ్ని కాదు.

పిచర్ నిలబడి విసిరే మట్టిదిబ్బ, అదే మౌండ్, ఎక్కాక ఇంకో చిక్కు. సగం బలంతో ఫాస్ట్‌బాల్ వేయమన్నారు. నేను సగమే అనుకుని వేసింది వేగం కొలిచే రాడార్‌లో దాదాపు పూర్తి వేగానికి దగ్గర్లో ఉంది! చెయ్యి నెమ్మదించడానికి చాలా రోజులు పట్టింది. వంపు తిరిగే బంతి, కర్వ్, అన్నిటికంటే ఆఖర్న.

రెండో జట్టు మానేశాను. తిరిగొచ్చాక మొదటి మ్యాచ్‌లో రెండు ఇన్నింగ్స్, 31 బంతులు. బయటికి రాగానే, నాన్న అడక్కముందే చెప్పాను: "చివరి రెండు బంతులప్పుడు భుజం బరువెక్కింది. మోచెయ్యి మాత్రం నొప్పి లేదు."

ఆయన జేబులోంచి పెన్ను తీశారు.