మెల్లగా నడిచినా గుండె నిమిషానికి 130 సార్లు కొట్టుకుంటోందా?

పొద్దున్నే నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్‌కి వెళ్లి చూడండి, నడిచేవాళ్లలో సగం మంది దారి చూడరు, చేతికున్న వాచీ చూస్తుంటారు. నేనూ అంతే. 42 ఏళ్లు, పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని లెక్కలు రాసే ఉద్యోగం, పాలప్యాకెట్‌కి కూడా బండి మీదే పోయే అలవాటు. అలాంటివాడు నింపాదిగా నడుస్తుంటే 130 అని చూపిస్తే టెన్షన్ రాదా మరి.

డాక్టర్ గారు ఈసీజీ తీయించి, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు రాశారు. రక్తం తక్కువున్నా, థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తున్నా కాస్త కదిలితే చాలు గుండె పరుగెడుతుంది కాబట్టి ముందు అవి లేవని తేల్చుకోవాలి. అన్నీ బాగానే వచ్చాయి. "కూర్చుని కూర్చుని ఇలా అయింది, నడవండి" అన్నారు, అంతే.

విషయం ఏంటంటే, ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం తోస్తుంది. లేచి నడిస్తే కాళ్ల కండరాలు ఇంకా కావాలంటాయి. నడక అలవాటున్నవాళ్ల గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం తోస్తుంది కాబట్టి తక్కువసార్లు కొట్టుకున్నా సరిపోతుంది. మనది ఒక్కోసారికి తోసేదే తక్కువ, ఆ లోటంతా వేగంతో పూడ్చుకోవాలి. దానికి తోడు మన ఊరి ఎండ. రోహిణి కార్తెలో ఏడింటికే ఉక్కపోత, సముద్రం గాలి తేమకి చెమట ఆరి చావదు, ఒళ్లు చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో ఒంట్లో నీళ్లు తగ్గుతాయి, ఇక గుండె ఇంకాస్త వేగం పెంచక ఏం చేస్తుంది? డిసెంబర్‌లో నడిచిన దూరమే మే నెలలో నడిస్తే అంకె పెరిగిందని బెంగ పడక్కర్లేదు.

220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ వేగం అంటారు కదా, నాకు 178. అందులో 50 నుంచి 70 శాతం, అంటే 89 నుంచి 125 దాకా, మధ్యస్థ శ్రమ. ఆ లెక్కన నా తాపీ నడక నా గుండెకి తాపీ కాదన్నమాట. అయితే ఇది అంచనా లెక్కే, మనిషి మనిషికీ పదీ పన్నెండు అటూ ఇటూ అవుతుంది. బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్లకి ఈ లెక్క అసలు పనికిరాదు, అవి గుండె వేగాన్ని పెరగనివ్వవు.

వాచీని కూడా మరీ నమ్మకండి. బెల్టు వదులుగా ఉంటే, వాచీ అడుగున నాడి పట్టే ఆ ఆకుపచ్చ లైటు మన అడుగుల ఊపునే నాడి అనుకుని లెక్కేస్తుంది. అనుమానమొస్తే ఆగి, బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి.

గ్రౌండ్‌లో రోజూ కనబడే ఒక పెద్దాయన నా వాలకం చూసి, "అబ్బయా, మాట్లాడతా నడువు, మాట తెగితే నిదానించు" అన్నాడు. డాక్టర్లు చెప్పేదీ ఇదే. ఇప్పుడు నేను చూసేది నడిచేటప్పటి అంకె కాదు, ఆగాక ఒక్క నిమిషంలో ఎంత దిగిందన్నది. అలవాటు పడేకొద్దీ అది త్వరగా దిగుతుంది.

కానీ నడుస్తుంటే గుండె పట్టేసినట్టున్నా, నొప్పి ఎడమచేతికో దవడకో పాకినా, కళ్లు తిరిగి పడిపోయేలా ఉన్నా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి. కూర్చున్నప్పుడు కూడా ఎప్పుడూ 100 పైనే ఉంటుంటే, కొట్టుకోవడం లయ తప్పుతుంటే, నడక మొదలుపెట్టేముందే డాక్టర్‌ని కలవండి.