పాజ్ బటన్ మీద బొటనవేలు

మా నాన్నకి గుంటూరు అరండల్‌పేటలో క్యాసెట్ రికార్డింగ్ షాపు ఉండేది. జనం కాగితం మీద పాటల లిస్టు రాసిచ్చేవాళ్లు, మేం ఖాళీ క్యాసెట్ మీద అదే వరసలో ఎక్కించి సాయంత్రానికి ఇచ్చేవాళ్లం. తిరునాళ్ల సీజన్ వస్తే పని మారిపోయేది. రికార్డింగ్ డాన్సు ట్రూపులవాళ్లు వచ్చి, "మాస్టారూ, రెండో చరణం ఎత్తేయండి, మధ్యలో ఆ డ్రమ్స్ బిట్టు మూడుసార్లు రావాలి" అనేవాళ్లు. నాన్న రెండు డెక్కులు పక్కపక్కన పెట్టుకుని, పాజ్ బటన్ మీద బొటనవేలు ఆనించి, తల కొంచెం పక్కకి వంచి వినేవాడు. సరిగ్గా దెబ్బ పడబోయే ముందు వేలు వదిలేవాడు. కాస్త అటూ ఇటూ అయితే డాన్సరు కాలు తప్పుతుంది. కట్ తెలిసిందంటే మళ్లీ మొదటి నుంచీ చేసేవాడు. గిరాకీ వెళ్లిపోతుందని మేం తొందరపెట్టినా వినేవాడు కాదు.

గోవా బీచిల్లో మొదలైన గోవా ట్రాన్స్ అనే ఎలక్ట్రానిక్ డాన్సు సంగీతం కూడా అచ్చం ఇలాంటి పనిలోంచే పుట్టిందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

అసలు ఆ సంగీతం నేను మొదట విన్నది 1999లో, హైదరాబాద్ హాస్టల్లో. ఒక సీనియర్ గోవా వెళ్లొస్తూ ఒక క్యాసెట్ తెచ్చాడు. దాని మీద బ్లూ పెన్నుతో "వాగతోర్" అని ఒక గోవా బీచి పేరు తప్ప ఏమీ రాసిలేదు. లైట్లు తీసేశాక వాక్‌మన్‌లో పెట్టుకున్నాను. పది నిమిషాలైనా ఎవరూ పాడరు. ఒకటే దెబ్బ, నిమిషానికి నూట నలభై పైచిలుకు. దాని కింద మెలికలు తిరుగుతూ ఏదో స్వరం, నీళ్ల అడుగు నుంచి పైకి వస్తున్నట్టు మెల్లగా తేటపడుతోంది. ఆ స్వరాల నడక నాకు ముందే తెలుసు అనిపించింది. చిన్నప్పుడు మా అక్క పొద్దున్నే మాయామాళవగౌళలో సరళీ స్వరాలు పాడేది. రి దగ్గర నుంచి గ మీదికి వేసే ఆ పెద్ద అంగ ఇందులోనూ ఉంది. గోవా ట్రాన్స్‌వాళ్లు ఇష్టంగా వాడే ఒక స్వరాల వరసని పాశ్చాత్య సంగీతంలో ఫ్రీజియన్ డామినెంట్ అంటారు. మన లెక్కలో అది వకుళాభరణం. దానికీ మాయామాళవగౌళకీ తేడా ఒక్క నిషాదమే.

1961 డిసెంబరులో పోర్చుగీసువాళ్లు వెళ్లిపోయాక, ఆ దశాబ్దం చివర్లో యూరప్, అమెరికాల నుంచి హిప్పీలు గోవా చేరారు. గోవా ఉత్తరాన ఉన్న అంజునా అప్పటికి చేపలు పట్టుకునేవాళ్లు, కొబ్బరితోటల వాళ్లు ఉండే ఊరు. ఎయిట్ ఫింగర్ ఎడ్డీ అని అందరూ పిలిచే అమెరికన్ పెద్దాయన చుట్టూ ఒక గుంపు తయారైంది. ఇప్పటికీ బుధవారాలు జరిగే అంజునా ఫ్లీ మార్కెట్ మొదలుపెట్టింది ఆయనే అంటారు. శాన్‌ఫ్రాన్సిస్కో వైపు నుంచి గిల్బర్ట్ లెవీ అనే కుర్రాడు వచ్చాడు. తర్వాత జూనా అఖాడా అనే సాధువుల సంఘంలో దీక్ష తీసుకుని సాధువయ్యాడు, లోకానికి గోవా గిల్‌గా తెలిశాడు. 2023లో పోయాడు. మొదట్లో బీచిలో జరిగేవన్నీ గిటార్లు, డ్రమ్సు, పున్నమి రాత్రి మంట చుట్టూ పాటలు.

1980ల మొదట్లో గాలి మారింది. యూరప్ నుంచి వచ్చేవాళ్లు కొత్త ఎలక్ట్రానిక్ సంగీతాన్ని క్యాసెట్లలో తెచ్చేవాళ్లు: క్రాఫ్ట్‌వెర్క్, క్యాబరే వోల్టేర్, ఫ్రంట్ 242 లాంటి బ్యాండ్లవి. లోరాన్ అనే ఫ్రెంచి డీజే, ఫ్రెడ్ డిస్కో అనే ఇంకొకరు ఈ సరుకుతో రాత్రంతా వాయించడం మొదలుపెట్టారు. అయితే ఆ పాటల్లో మాటలు వాళ్లకి అడ్డమయ్యాయి. చీకట్లో, చాలామంది ఎల్‌ఎస్‌డీ మత్తులో ఉన్న చోట, ఎవరిదో ప్రేమ గొడవ గొంతెత్తి పాడితే ధ్యాస చెదిరిపోతుంది. అందుకని డెక్కులు పెట్టుకుని పాడే భాగాలు కోసేశారు, వాయిద్యం ముక్కలు మళ్లీ మళ్లీ అతికి పొడుగు చేశారు. వాళ్లకి స్టూడియో లేదు. ఉన్నదల్లా టేపు, పాజ్ బటన్, ఓపిక. చరణం ఎత్తేసి బిట్టు మూడుసార్లు! మా షాపులో జరిగింది కూడా అదే కదా. ఇప్పుడు నేను డబ్బింగ్ స్టూడియోలో ఎడిటింగ్ పని చేస్తున్నాను. కట్ అన్నది నాకు ఒక మౌసు నొక్కు. అయినా ఆ రెండు డెక్కుల మధ్య ఉన్న నేర్పు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

డీజే అనగానే మనకి గుండ్రంగా తిరిగే రికార్డులు గుర్తొస్తాయి. గోవా ఎండకి, ఇసుకకి, ఉప్పుగాలికి ఆ రికార్డులు వంకర్లు పోయేవి. అందుకే అక్కడ టేపే రాజ్యమేలింది. 1987లో డాట్ వచ్చింది, అంటే డిజిటల్ ఆడియో టేపు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, రెండు గంటల సంగీతం పడుతుంది, సీడీతో సమానమైన నాణ్యత. జేబులో పది పెట్టుకుని విమానం ఎక్కొచ్చు. కాకపోతే మామూలు డాట్ మెషీన్లలో వేగం మార్చడం కుదరదు, అంటే రెండు పాటల దెబ్బల్ని ఒకదాని మీద ఒకటి కూర్చలేరు. అందుకే ఈ పాటలు మొదట్లోనూ చివర్లోనూ దెబ్బ లేకుండా, గాలి వీచినట్టు వదిలేసిన జాగాతో ఉంటాయి. ఒక పాట అలా కరిగిపోతుంటే ఇంకోటి మొలుస్తుంది. వినేవాళ్లకి అది ధ్యానంలా అనిపిస్తుంది. నాకు మాత్రం అందులో టేపు మెషీను కనిపిస్తుంది.

మెలికలు తిరిగే ఆ శబ్దానిది ఇంకో కథ. జపాన్ కంపెనీ రోలాండ్ 1981లో టీబీ-303 అనే చిన్న వెండిరంగు పెట్టె తెచ్చింది. గిటారు వాయించేవాళ్లకి బేస్ తోడు కోసమని చేశారు, అమ్ముడుపోలేదు, మూడేళ్లకే ఆపేశారు. పాతసామాను ధరకి దొరికేసరికి షికాగో కుర్రాళ్లు కొని, మీటలు తిప్పి అరిపించి, యాసిడ్ హౌస్ అనే డాన్సు సంగీతం పుట్టించారు. గోవా ట్రాన్స్ ఆ అరుపుని తీసుకుంది. కానీ వాళ్లందరికంటే ముందే, 1982లో, బొంబాయి సినిమా సంగీతంలో వాయించే చరణ్‌జిత్ సింగ్ అదే పెట్టెతో పది రాగాలు డిస్కో దెబ్బ మీద వాయించి రికార్డు చేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. దానికీ గోవాకీ సంబంధం లేదు, ఎవరి దారి వాళ్లదే. అయినా ఆ రికార్డులో భైరవ్, అంటే దాదాపు మన మాయామాళవగౌళ, టీబీ-303 తోడుగా పలుకుతుంటే మా అక్క గుర్తొస్తుంది.

తొంభైల్లో ఇదంతా లండన్ చేరింది. కిల్లింగ్ జోక్ బ్యాండ్ బేస్ గిటారిస్టు యూత్ పెట్టిన డ్రాగన్‌ఫ్లై, రాజారామ్ వాళ్ల టిప్ లాంటి రికార్డు కంపెనీలు వచ్చాయి. 1994 డిసెంబరులో పాల్ ఓకెన్‌ఫోల్డ్ అనే ఇంగ్లీషు డీజే బీబీసీ రేడియో 1లో "గోవా మిక్స్" వినిపించాడు. 1995లో హాలూసినోజెన్ పేరుతో సైమన్ పోస్‌ఫర్డ్ చేసిన "ట్విస్టెడ్" ఆల్బమ్ వచ్చింది. ఒకటే వినే టైము ఉంటే అది వినండి. 1992లో భారత్, ఇజ్రాయెల్ మధ్య దౌత్య సంబంధాలు మొదలయ్యాక, సైన్యంలో పని ముగించుకున్న ఇజ్రాయెల్ కుర్రాళ్లు వేలల్లో మన దేశం వచ్చారు, టేపులతో తిరిగి వెళ్లారు. ఆస్ట్రల్ ప్రొజెక్షన్, హైఫా నుంచి ఇన్‌ఫెక్టెడ్ మష్రూమ్ అనే సంగీత బృందాలు అక్కడివే. ఈ సంగీతం జపాన్, జర్మనీ, బ్రెజిల్ వరకూ పాకింది. పోర్చుగల్లో 1997 నుంచి ఈ సంగీతానికే బూమ్ ఫెస్టివల్ జరుగుతోంది. 451 ఏళ్లు గోవాని ఏలిన దేశానికే గోవా ఇలా తిరిగి వెళ్లడం నాకెంతో సంతోషం కలిగిస్తుంది. 1998 కల్లా పేరు పలచబడి, శబ్దం బిగిసి, సైట్రాన్స్, అంటే సైకెడెలిక్ ట్రాన్స్, అనడం మొదలుపెట్టారు.

2012లో గుంటూరులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి అంజునా వెళ్లాను. దారిలో టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. కొట్టు నడిపే పెద్దావిడకి అరవై దాటి ఉంటాయి. అక్కడ వీళ్లని "చాయ్ మామా" అనేవాళ్లు. మామా అంటే మన మేనమామ అనుకునేరు, అమ్మ అని అర్థం. పార్టీ జరిగే చోట వీళ్లు చాపలు పరిచి, కిరసనాయిలు దీపం పెట్టి, స్టవ్ మీద టీ, ఆమ్లెట్ చేసి అమ్మేవాళ్లు. ఒంట్లో బాగోని వాళ్లు ఆ చాపల మీదే పడుకునేవాళ్లట. తెల్లారి లేచేదాకా ఈవిడ చూసుకునేదట. "ఆ మోతలో నిద్రెలా పట్టేది?" అన్నాను హిందీలో. "మోత ఉంటే పట్టేది బాబూ, ఆగితేనే మెలకువ వచ్చేది" అంది. రాత్రి పది దాటాక మైకులు వద్దన్న 2000 నాటి నిబంధన, 2005లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిపరచడం, వీటితో ఆరుబయట రాత్రులు దాదాపు పోయాయి. ఊళ్లో నిద్రలేని ముసలివాళ్లకి అది న్యాయమే, ఒప్పుకుంటాను. ఆవిడ లోపలికి వెళ్లి పాత దీపం తెచ్చి చూపించింది. చిమ్నీ గ్లాసు ఒక పక్క పగిలితే సిగరెట్ ప్యాకెట్‌లోని వెండికాగితం మడిచి అంటించింది. ఆ దీపం ఎవరైనా మ్యూజియంలో పెట్టాలి. డీజేల పేర్లు అందరూ రాస్తారు, ఈ చాపల సంగతి రాసేవాళ్లు తక్కువ.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు, 1980ల నాటి గోవా బీచి క్యాసెట్ నుంచి ఎవరో ఎక్కించిన రికార్డింగు ఒకటి నాన్నకి వినిపించాను. నాన్నకి ఇప్పుడు ఎడమ చెవి సరిగ్గా వినపడదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఎప్పట్లాగే తల పక్కకి వంచాడు. ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చటుక్కున వేలు ఎత్తాడు.

"ఇక్కడ పాజ్ వదిలాడురా. వెనక్కి తిప్పు."

తిప్పాను. మళ్లీ విన్నాం. నాకు ఏమీ తెలియలేదు. మూడోసారి, కళ్లు మూసుకుని వింటే, సన్నగా టేపు సర్రుమనే శబ్దం ఒక్క క్షణం తేడాగా వినిపించింది.

"మంచి చెయ్యి," అన్నాడు నాన్న. హెడ్‌ఫోన్ తీయలేదు.