బోర్డు మీద చివరి పేరు

తెనాలిలో ఇరవై రెండేళ్లుగా బోర్డులు రాస్తున్నాను. మొదట గోడల మీద కుంచెతో, తర్వాత రేకుల మీద, ఇప్పుడు ఫ్లెక్సీలు. గుంటూరు కొత్తపేటలో నేను వేసిన డాక్టర్ల బోర్డులు తక్కువేం కాదు. ఎం.డి., డి.ఎం., ఎం.సీహెచ్., ఒక్క చుక్క పోకుండా వేశాను. వాటి అర్థం మాత్రం ఏనాడూ అడగలేదు.

2024 ఆగస్టులో విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగు రోజుల్లో తగ్గాయి. ఆ తర్వాత పది రోజులకు అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. కాలి చెప్పు ఊడిపోయినా తెలియకుండా టీ కొట్టు దాకా నడిచిపోయాను. మా వీధి ఆర్‌ఎంపీ బీ కాంప్లెక్స్ సూది వేసి, "నరాల వీక్‌నెస్ అన్నా, మూడు సూదులకి పోద్ది" అన్నాడు. ఆ మాటకు మా ఆవిడ తల దించుకుంది. నాకేమో నవ్వొచ్చింది. కుర్రతనంలో రైలు కట్ట పక్క గోడల మీద 'నరాల బలహీనత, రహస్య వ్యాధులు' అని ఎర్రరంగుతో రాసినవాణ్ణి నేనే. మన ఊళ్లలో ఆ మాటకున్న అర్థం ఏంటో అందరికీ తెలిసిందే. "ఎవరికీ చెప్పకండి" అంది. అలా రెండు రోజులు పోయాయి.

అసలు మన మాటలోనే చిక్కుంది. సెలైన్ ఎక్కించే రక్తనాళాన్నీ నరమే అంటాం, తిమ్మిరెక్కేదాన్నీ నరమే అంటాం. ఇక నరాల డాక్టరంటే ఎవరనుకోవాలి? మెట్లెక్కలేకపోతున్నాను కాబట్టి ఇది నడుము సంగతేనని తేల్చి, మా బావమరిది ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

ఎంఆర్ఐ తీయించారు. ఆయన ఫిల్మును లైటు మీద పెట్టి చూసి, "డిస్కులన్నీ బాగానే ఉన్నాయి. ఇంట్లో ఏమైనా గొడవలా? కొంతమంది మనసులో ఏదో పెట్టుకుని కాళ్లు పడిపోయాయంటారు. ఓసారి సైకియాట్రిస్టుకి చూపించండి" అన్నాడు. అదీ నాతో కాదు, మా బావమరిదితో. బయటికొచ్చాక వాడు గొంతు తగ్గించి, "బావా, నిజం చెప్పు, చిట్టీ డబ్బులేమైనా పోయాయా?" అని అడిగాడు. గోడ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ ప్రశ్న గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సైకియాట్రిస్టు దగ్గరికెళ్లడం తప్పని నేననను, మా పిన్ని కూతురు అక్కడి మందులతోనే మనిషైంది. కానీ మోకాలి మీద చిన్న సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి చూస్తే అనుమానం వచ్చేది. ఆ ఒక్క దెబ్బ అక్కడెవరూ కొట్టలేదు.

మర్నాడు చేతులు పట్టు తప్పాయి. గ్లాసు జారిపోయింది. కొత్తపేటలో 'న్యూరో' అని పెద్దక్షరాలు కనబడగానే ఆటో ఆపించాం. నేను వేసిన బోర్డే అది. ఆయన నా మాటలు సగం విని సుత్తి తీశారు. రెండు మోకాళ్లూ కొట్టారు. ఎగిరిపడాల్సిన కాలు ఉలకలేదు. "ఇది నేను కోసే జబ్బు కాదయ్యా. నేను సర్జన్ని. నీకు న్యూరాలజిస్టు కావాలి, వెంటిలేటర్ ఉన్న చోట, ఈ పూటే" అంటూ తనే ఫోన్ చేశారు. ఫీజు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టారు. ఎం.సీహెచ్. అంటే కత్తి పట్టేవారని, డి.ఎం. అంటే ఎం.డి. అయ్యాక ఇంకో మూడేళ్లు ఆ ఒక్క విద్యే చదివి మందులతో నయం చేసేవారని ఆరోజు తెలిసింది, నేను వేసిన బోర్డు కింద కూర్చుని.

గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు. 2025 జనవరిలో పుణేలో కేసులు బయటపడ్డాక టీవీలో ఈ పేరు మార్మోగింది గానీ, నాకొచ్చినప్పుడు మా వాళ్లలో ఎవరికీ నోరు తిరగలేదు. విరేచనాల క్రిమి మీదికి వెళ్లాల్సిన రోగనిరోధక శక్తి దారి తప్పి నరాల పొర మీద పడుతుందట. వెన్నులో నీరు తీశారు, చేతులకూ కాళ్లకూ కరెంటు పరీక్ష పెట్టారు. ఆ దారి తప్పిన శక్తిని అణిచే మందట ఇమ్యునోగ్లోబ్యులిన్, 62 కిలోల మనిషికి 5 గ్రాముల సీసాలు రోజుకు 5 చొప్పున 5 రోజులు. మా ఆవిడ గాజులు బ్యాంకుకెళ్లాయి.

ఆ రాత్రి ఒక్కటే చెప్పాలి. గంటగంటకూ డ్యూటీ డాక్టరు వచ్చి, "ఒక్క గుక్కలో ఒకటి నుంచి లెక్కపెట్టండి" అనేవాడు. చిన్నప్పుడు చెడుగుడులో కూత తెగకుండా ఇద్దర్ని ముట్టొచ్చినవాణ్ణి, ఇదో లెక్కా అనుకున్నాను. ఎనిమిదింటికి ముప్పై. పదకొండింటికి ఇరవై రెండు. రెండింటికి పదిహేడు. అతను నా ముఖం చూడటం మానేసి నర్సుతో, "మత్తు డాక్టర్ని పిలవండి" అన్నాడు. గుండె జారిపోయింది. మత్తు అంటే ఆపరేషన్. నాకేం కోస్తారు? అడుగుదామంటే మాట ముక్కలుగా వస్తోంది.

వచ్చింది చిన్న పిల్ల, మా పెద్దమ్మాయి కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. "కోసేది లేదంకుల్. మత్తివ్వడం ఒక్కటే కాదు, ఊపిరి కాపాడటం కూడా మా పనే" అని పక్కనే స్టూలేసుకుని కూర్చుంది. నాలుగింటికి మళ్లీ లెక్కపెట్టమంది. పదకొండు దగ్గర కూత తెగింది. "చాలంకుల్. ఇక మీ బదులు మిషన్ పీలుస్తుంది. మీరు లేచేసరికి నేనిక్కడే ఉంటాను." గొట్టం వేసింది ఆ అమ్మాయే. తొమ్మిది రోజుల తర్వాత తీసిందీ ఆ అమ్మాయే. పేరడగాలని అప్పుడు తోచలేదు.

మా అమ్మ అదంతా వైకుంఠపురం వెంకన్న చలవే అంటుంది. గుండు చేయించుకుని మొక్కు తీర్చాను. కాదనడానికి నేనెవర్ని? మీకు గానీ మీ వాళ్లకు గానీ తిమ్మిరీ నీరసమూ కాళ్లలో మొదలై రోజురోజుకూ పైకి పాకుతుంటే మాత్రం సూదుల కోసం, మొక్కుల కోసం ఆగకండి. న్యూరాలజిస్టు అని పేరు పెట్టి అడగండి. చొక్కా గుండీ పెట్టుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఎడమ మడమ ఇప్పటికీ కాస్త ఈడుస్తాను. ఫిజియోథెరపీ కుర్రాడు తిట్టించుకుంటూనే నన్ను నడిపించాడు.

మొన్న ఒక కొత్త ఆసుపత్రి బోర్డు పని వచ్చింది. పై వరుసలో పెద్ద డాక్టర్ల పేర్లు, అట్టడుగున 'అనస్థీషియా' అని మత్తు డాక్టరు పేరు ఒకటి, చీమల్లాంటి అక్షరాలు. దాన్ని మిగతావాటి సైజుకి తెచ్చి ప్రింటు తీశాను. వాళ్ల మేనేజర్ బోర్డు చూసి, "ఈ చివరిది పెద్దదైందేంటి మాస్టారూ?" అన్నాడు.

"కంప్యూటర్లో అలా వచ్చేసింది సార్" అన్నాను.