వాడు నా జట్టు కాదా నాన్నా?

మా బాబు పుట్టిన మర్నాడు ఆస్పత్రిలో వినికిడి పరీక్ష చేసి, రెండు చెవులూ పాస్ అని చెప్పారు. మా ఆవిడా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకున్నాం, ఫోన్లో చెబితే మా అమ్మ "హమ్మయ్య" అంది, మా అత్తగారైతే ఏడ్చేశారు. ఆ సాయంత్రం ఆరేళ్ళ మా అమ్మాయిని తమ్ముడి దగ్గరికి తీసుకెళ్తే అది ముందు వాడి చెవుల వెనక వేలితో తడిమి చూసి, "వీడికి ఎర్రవి పెట్టిద్దామనుకున్నాను కదా" అంది. మా అమ్మాయి రెండు చెవులకీ హియరింగ్ ఎయిడ్స్ పెట్టుకుంటుంది. వాటిని చెవిలో నిలిపే అచ్చులు, అంటే ఇయర్ మోల్డ్స్, నీలం రంగువి, తనే ఎంచుకుంది. తమ్ముడికి బాగానే వినిపిస్తుందమ్మా, వాడికి అవి అక్కర్లేదు అని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే వాడు నా జట్టు కాదా నాన్నా?" అని అడిగింది. ఒళ్ళో పెట్టుకుంటావా అంటే వద్దంది.

ఆ మాటకి జవాబు నాకింకా దొరకలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు పరీక్ష గురించి రాయాలి, ఎందుకంటే ఇక్కడ విదేశంలో పిల్లలు పుట్టిన మన తెలుగు స్నేహితులతో మాట్లాడుతుంటే చాలామందికి అదెందుకు చేశారో, ఆ కాగితం మీద ఏం రాశారో తెలీదని అర్థమవుతోంది. డిశ్చార్జి అప్పుడు ఇచ్చే కాగితాల కట్టలో అదొకటి, అంతే.

బాబు పరీక్షప్పుడు వాణ్ణి నేనే ఎత్తుకున్నాను. పాలు తాగి నిద్రలోకి జారుకునేదాకా ఆగి, ఒకావిడ చిన్న మెషీన్ తెచ్చి, వైరు చివర ఉన్న మెత్తటి రబ్బరు మొనని వాడి చెవిలో పెట్టింది. అందులోంచి సన్నగా టిక్ టిక్ అని శబ్దాలు లోపలికి వెళ్తాయి. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని కాక్లియా అని ఉంటుంది, దాంట్లోని రోమకణాలు బాగుంటే ఆ శబ్దానికి కదిలి, అవి కూడా తిరిగి అతి చిన్న శబ్దం పుట్టిస్తాయి, ఆ రబ్బరు మొనలోనే ఉన్న మైకు దాన్ని పట్టుకుంటుంది. చెవి శబ్దాన్ని వినడమే కాదు, పుట్టిస్తుంది కూడా అని 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ అనే శాస్త్రవేత్త చూపించాడు, ఈ పరీక్ష మొత్తం దాని మీద ఆధారపడిందే. దీన్ని ఓఏఈ అంటారు. రెండోది ఏఏబీఆర్. నుదుటి మీదా మెడ వెనకా చిన్న ఎలక్ట్రోడ్లు అంటించి, శబ్దం చెవి దాటి నరం గుండా మెదడు దాకా చేరుతోందా లేదా అని చూస్తారు. ఎన్ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఇంటెన్సివ్ కేర్‌లో, ఉండి వచ్చిన పిల్లలకి ఈ రెండోది తప్పకుండా చేయాలి, ఎందుకంటే చెవి బాగుండి తేడా నరం దగ్గరుంటే ఓఏఈలో అది బయటపడదు. మీ బిడ్డ ఎన్ఐసీయూలో ఉంటే ఏ పరీక్ష చేశారో పేరు అడిగి మరీ తెలుసుకోండి. ఏదైనా సరే బిడ్డకి నొప్పేమీ ఉండదు, చాలాసార్లు నిద్ర కూడా చెడదు.

మా అమ్మాయికి అప్పట్లో రెండు చెవుల్లోనూ "రిఫర్" అని వచ్చింది. మళ్ళీ పరీక్ష చేయించమని దాని అర్థం. అలా వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి వినికిడి మామూలుగానే ఉంటుంది. పుట్టిన మొదటి రోజు చెవి కాలువలో ఉమ్మనీరో, తెల్లటి మైనమో ఉండిపోతుంది, లేదా బిడ్డ ఏడుస్తుంది, కదులుతుంది. అందుకే నర్సులు కంగారు పడకండి అంటారు. వాళ్ళు చెప్పేది నిజమే. కానీ ఆ ఒక్క మాటని పట్టుకుని మళ్ళీ చేసే పరీక్షకి వెళ్ళకుండా ఊరుకునేవాళ్ళని నేను చూశాను, వాళ్ళ మీద నాకు కోపం కంటే భయం ఎక్కువ వేస్తుంది. పుట్టిన ప్రతి 1,000 మందిలో ఒకరి నుంచి ముగ్గురు పిల్లలకి శాశ్వతమైన వినికిడి లోపం ఉంటుంది. ఆ ముగ్గురిలో మనం ఉండమని మనకి ఎవరు రాసిచ్చారు?

ఇంట్లో పెద్దవాళ్ళు చేసే పరీక్షలు వేరే ఉంటాయి. గిన్నె కింద పడితే పిల్ల ఉలిక్కిపడింది చూడు, చప్పట్లు కొడితే తిరిగింది చూడు, ఊ కొడుతోంది కదా, చెవులు వినిపించకపోతే ఊ కొడుతుందా అని. వీటిలో ఏదీ వినికిడికి రుజువు కాదు. మా అమ్మాయిది మధ్యస్థాయి లోపం, గిన్నె పడితే దానికీ వినిపించేది. వినిపించనిది మాట. మాటలో కూడా స, శ, ఫ లాంటి మెత్తటి శబ్దాలు ముందు జారిపోతాయి. చప్పట్లు కొట్టినప్పుడు తిరిగిందంటే చేతుల కదలిక కంటి కొసన పడి ఉండవచ్చు, గాలి తగిలి ఉండవచ్చు. ఇక ఊ కొట్టడమంటారా, బొత్తిగా వినపడని పిల్లలు కూడా మొదటి నెలల్లో ఊ కొడతారు. బ-బ-బ, ద-ద-ద అని అక్షరాలు వరసగా రావడం మాత్రం వాళ్ళలో ఆలస్యమవుతుంది, అప్పటికి ఎన్నో నెలలు గడిచిపోతాయి. పుట్టగానే మెషీన్‌తో చూసే పద్ధతి రాకముందు వినికిడి లోపం బయటపడేసరికి పిల్లలకి సగటున రెండున్నరేళ్ళు వచ్చేవి, పుట్టుకతోనే ఉన్న లోపమైనా సరే.

మా అమ్మాయికి మళ్ళీ చేసిన పరీక్షలోనూ "రిఫర్" అనే వచ్చింది. అప్పుడు ఆడియాలజిస్టు, అంటే వినికిడి నిపుణుల దగ్గర అసలు పరీక్ష ఉంటుంది. నిద్రలోనే చేయాలి, అదీ చాలాసేపు. కాబట్టి ఆకలి మీద, నిద్ర మీద తీసుకురండి, ఇక్కడికొచ్చాకే పాలివ్వండి అన్నారు. దారిలో నిద్రపోతే పరీక్ష ఇంకో రోజుకి పోతుంది. నేను కారు నడుపుతున్నాను, వెనక సీట్లో మా ఆవిడ దాని అరికాళ్ళు గోకుతూ, మేజోళ్ళు తీసి మళ్ళీ తొడుగుతూ, నిద్రపోకుండా గట్టిగా పాట పాడుతోంది. రెండు వీధులు దాటాక పాట ఆపేసింది. ఎందుకు ఆపావని నేను అడగలేదు. మళ్ళీ తనే మొదలుపెట్టింది, ఈసారి పిల్ల చెవికి బాగా దగ్గరగా వంగి. ఆ నిద్ర కోసమైనా తొందరపడాలని నేను అందరికీ చెబుతాను. చిన్న నెలల్లో అయితే పాలు తాగి తమంతట తాము పడుకుంటారు, కాస్త పెద్దయ్యాక కదలకుండా ఉండటానికి మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

ఒకటి, మూడు, ఆరు అని ఒక లెక్క ఉంది. నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలల్లోపు ఉందో లేదో తేల్చడం, ఆరు నెలల్లోపు హియరింగ్ ఎయిడ్స్, థెరపీ మొదలుపెట్టడం. ఇదేదో ఆఫీసువాళ్ళు పెట్టిన గడువు కాదు. కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా-ఇతానో బృందం 1998లో ప్రచురించిన పరిశోధనలో, ఆరు నెలల్లోపు లోపం తెలిసిన పిల్లలకి ఆ తర్వాత తెలిసినవాళ్ళ కంటే భాష బాగా వచ్చిందని తేలింది. శబ్దాల కోసం మెదడు ఆ నెలల్లోనే ఎదురుచూస్తుంది. ఆరేడు నెలల పిల్లలు ఏ భాషలో పుట్టినా త, ట తేడా పట్టుకోగలరని, ఇంగ్లీషు మాత్రమే వింటే ఏడాది నిండేసరికి ఆ శక్తి తగ్గిపోతుందని 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ హిందీ శబ్దాలతో చేసిన ప్రయోగంలో చూపించారు. మన పిల్లలు తాతని టాటా అంటున్నారని బాధపడేవాళ్ళందరికీ ఇది తెలిసిన కష్టమే. శబ్దమే చేరని బిడ్డకి మాత్రం ఆ తలుపు నోటితో మాట్లాడే ఏ భాషకీ తెరుచుకోదు.

ఇక్కడే మన ఇళ్ళలో ఒక ప్రమాదం ఉంది, ఈ వ్యాసం రాయడానికి అసలు కారణాల్లో అదొకటి. ఇక్కడ పుట్టిన పిల్లలకి మాటలు ఆలస్యమైతే "ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు, పాపం కన్ఫ్యూజ్ అవుతున్నాడు" అని అందరం అనేసుకుంటాం, డాక్టర్లు కూడా కొందరు అంటారు. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు. ఒక్కో భాషలో మాటలు తక్కువగా అనిపించవచ్చు, రెండూ కలిపి చూస్తే సరిపోతుంది. పిలిస్తే తిరగకపోతే, మాటలు రాకపోతే, వచ్చిన మాటలు పోతుంటే ముందు చెవులు చూపించండి, పుట్టినప్పుడు పాస్ అయి ఉన్నా సరే. ఆ పాస్ ఆ రోజుకే. గర్భంలో సోకిన సీఎంవీ వైరస్ వల్ల కొందరికి లోపం నెలలకో ఏళ్ళకో బయటపడుతుంది, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) తర్వాత రావచ్చు, కుటుంబంలో ఉంటే నెమ్మదిగా రావచ్చు. మా బాబుకి కూడా అక్కకి ఉంది కాబట్టి తొమ్మిదో నెలలోపు మళ్ళీ పరీక్ష ఉంది.

మా వైపు ఎవరికీ లేదే అని రెండు వైపులవాళ్ళూ అన్నారు. నిజంగానే లేదు. వినికిడి లోపంతో పుట్టే పిల్లల్లో 90 శాతం కంటే ఎక్కువమంది అమ్మానాన్నలకి చెవులు బాగానే వినిపిస్తాయి. మా ఇద్దరిలోనూ వినికిడికి సంబంధించిన జీజేబీ2 అనే జీన్‌లో ఒక్కో కాపీ తేడాగా ఉందని అమ్మాయి జెనెటిక్ పరీక్ష వల్లే తెలిసింది. అలాంటప్పుడు ప్రతి కాన్పుకీ బిడ్డకి లోపం వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. అది తెలిసే రెండో బిడ్డని కోరుకున్నాం.

మరి తెలిసే కోరుకున్నవాళ్ళం, పాస్ అనగానే అంత సంతోషపడ్డామెందుకు? అది తప్పని నేననుకోను. మోల్డ్స్ వదులై ఈల వేయడం, చెవి పెరిగినప్పుడల్లా మళ్ళీ కొలతలివ్వడం, క్లాసులో అందరూ ఒకేసారి మాట్లాడితే సాయంత్రానికి పిల్ల అలసిపోయి రావడం, ఇవన్నీ ఇంకో బిడ్డకి ఉండవంటే ఏ తండ్రికైనా మనసు తేలికపడుతుంది. కానీ ఆరేళ్ళుగా నువ్వు ఇలా ఉండటం మాకు హాయిగానే ఉంది అని చెబుతూ వచ్చిన పిల్ల ఎదురుగా ఆ తేలికపడటం కనిపించింది. పిల్లలకి మన మొహం చదవడం వచ్చు. మా అమ్మాయికి ఇంకా బాగా వచ్చు.

భాష విషయంలో నేను మొండివాణ్ణి. ఎయిడ్స్ పెట్టిన కొత్తలో ఒక స్పీచ్ థెరపిస్టు, పిల్లకి ఒక్క భాషే చాలు, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి అంది. నేను ఒప్పుకోలేదు. ఎయిడ్స్‌తో వినే పిల్లలు కూడా రెండు భాషలు నేర్చుకోగలరని, మనకి సొంతంగా వచ్చిన భాషలో మాట్లాడితేనే బిడ్డకి నిండుగా మాట అందుతుందని చదివి, కాగితాలు తీసుకెళ్ళి మరీ వాదించాను. ఈరోజు అమ్మాయి నానమ్మతో తెలుగులో పోట్లాడుతుంది. ఆ మొండితనం మీద నాకు ఏ అనుమానమూ లేదు.

అనుమానం ఇంకోచోట ఉంది. స్నానానికో, ఈత కొలనులోకో, నిద్రకో ఎయిడ్స్ తీసేశాక మాకూ దానికీ మధ్య మాట ఆగిపోతుంది. సంజ్ఞా భాష నేర్చుకుందామని మా ఆవిడ ఎప్పట్నుంచో అంటోంది. ఆ భాషకి ఇంగ్లీషుతోనూ తెలుగుతోనూ సంబంధం లేని సొంత వ్యాకరణం ఉంది, అదొక పూర్తి భాష. నేనేమో ఇప్పటికే రెండు భాషలు, మూడోది బరువవుతుందేమో అంటాను, పైగా ఏ దేశపు సంజ్ఞా భాష ఆ దేశానిదే, రేపు ఇండియా వెళ్తే పనికి రాదు అంటాను. "రెండు భాషలు పిల్లకి బరువు కాదని థెరపిస్టుతో వాదించింది నువ్వే కదా" అంది మా ఆవిడ. ఆ మాట నిజం. అప్పుడు నా భాష కోసం వాదించాను, ఇప్పుడు అడుగుతున్నది దాని భాష. అది పెద్దయ్యాక తనలాంటివాళ్ళ మధ్యకి వెళ్తే అక్కడ మాట్లాడేది అదే కావచ్చు.

సంజ్ఞా భాష క్లాసులో చేరడానికి ఈ నెలాఖరు దాకా టైముంది. ఫారంలో మా ఆవిడ నలుగురి పేర్లూ రాసింది, పాలు తాగే బాబుతో సహా. హియరింగ్ ఎయిడ్స్ పెట్టుకునే బిడ్డతో పాటు చెవులు బాగున్న బిడ్డనీ ఆ భాషలో పెంచినవాళ్ళు మనవాళ్ళలో ఎవరైనా ఉంటే నాకు రాయండి. ముఖ్యంగా ఆ రెండోవాళ్ళు ఇష్టంగా నేర్చుకున్నారా, ఇంట్లో తెలుగు నిలబడిందా, ఈ రెండూ నేను తెలుసుకోవాలి.