బుడమేరు వరద మోడల్‌లో తిరకాసంతా కృష్ణ దగ్గరే

విజయవాడకు వరద అనగానే చూపు ప్రకాశం బ్యారేజీ మీదికి పోతుంది. 2024 సెప్టెంబరు 2న అక్కడ 11.43 లక్షల క్యూసెక్కులు నమోదయ్యాయి, 2009 అక్టోబరు రికార్డు చెరిగిపోయింది. అయితే సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగింది ఆ నీళ్లతో కాదు, నగరం పక్క నుంచి పారే బుడమేరు వాగుతో. కృష్ణకు పైన పులిచింతల ఉంది, అంతకు పైన సాగర్ ఉంది. ఎంత వదిలారో గంటల ముందే తెలుస్తుంది. మైలవరం వైపు కొండల్లో కురిసిన వాన బుడమేరులోకి దిగడానికి అంత గడువు ఇవ్వదు.

వెలగలేరు రెగ్యులేటర్ షట్టర్లు దించితే నీరు మళ్లింపు కాలువలో పడి, ఇబ్రహీంపట్నం దగ్గర బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. ఎత్తితే పాత దారిన నగరం ఉత్తరపు అంచు మీదుగా కొల్లేరుకు పోతుంది. 2024 నాటికి మళ్లింపు కాలువ మోసేది సుమారు 15 వేల క్యూసెక్కులు. ఆ ఏడాది అంతకు రెండింతలకు పైగా వచ్చింది, ఎడమ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి.

వరద నీటి లెక్కలు కట్టే హెక్‌రాస్ సాఫ్ట్‌వేర్‌లో ఈ కాలువ గీసేవాళ్లలో చాలామంది దిగువ హద్దు దగ్గర, అంటే కాలువ కృష్ణలో కలిసే చోట, ‘నార్మల్ డెప్త్’ అని పెట్టి ముందుకెళ్లిపోతారు. అంటే కాలువ అడుగు వాలుకు తగ్గట్టు నీరు హాయిగా దిగిపోతుందని సాఫ్ట్‌వేర్‌కు మనమే చెప్పినట్టు. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు జరిగేది వేరు. నది మట్టం కాలువను ఎగదన్నుతుంది, నీటి వాలు చదునవుతుంది, అదే కాలువ అప్పుడు అంత నీరు మోయలేదు. అందుకని అక్కడ పెట్టాల్సింది కృష్ణ మట్టం గంటగంటకూ ఎలా మారిందో చూపే వరస. బ్యారేజీ పూర్తి మట్టం 57.05 అడుగులు. పెద్ద వరదలో నది దాన్ని దాటి ఎంత ఎక్కుతుందో రికార్డుల్లోంచి తీసుకోవాలి.

వరద రాత్రి కూర్చుని, నేలను గళ్లుగా కోసి నీరు ఎటు పరుచుకుంటుందో లెక్కేసే టూడీ మోడల్ నడిపే తీరిక ఎవరికీ ఉండదు. కాబట్టి ముందే కృష్ణలో 3, 6, 9, 12 లక్షలు, బుడమేరులో 10, 20, 35 వేల క్యూసెక్కులు పెట్టి పన్నెండు జతలూ నడిపి, ముంపు పటాలు అచ్చేసి కంట్రోల్ రూమ్‌లో ఉంచాలి. ఆ పూట అంకెలకు దగ్గరి పటం తీస్తే సరిపోతుంది. గండి ఎక్కడ పడుతుందో ముందే చెప్పే మోడల్ లేదు. కట్ట బలహీనంగా ఉన్న చోట్ల 30, 60, 100 మీటర్ల వెడల్పుతో విడిగా నడిపి చూడడమే దారి.

ఇక నేల ఎత్తులు. ఉచితంగా దొరికే 30 మీటర్ల ఉపగ్రహ డేటా చెట్ల కొమ్మల్నీ మేడలనీ కూడా నేలగానే లెక్కేస్తుంది. వాటిని తీసేసిన ఫ్యాబ్‌డెమ్ అనే ఎత్తుల డేటా కొంత నయం. అయినా డెల్టా లాంటి చదును నేల మీద మీటరు తప్పు పడితే పేటలకు పేటలే పటం లోంచి మాయమవుతాయి. కాలువ గట్లు, రైలు కట్ట, రోడ్ల ఎత్తులు టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో కొలిపించి, గడి అంచు గట్టు మీదే పడేలా చేసే బ్రేక్‌లైన్లుగా వేయాలి. 50 మీటర్ల గడి మధ్యలో గట్టు ఉండిపోతే నీరు దాన్ని దాటి కారిపోతుంది, మోడల్ మాత్రం ఏ తప్పూ చూపదు. దీనికి తిరగేసిన తప్పు బుడమేరు ఏలూరు కాలువ కిందుగా దాటే ఎనికేపాడు అండర్ టన్నెల్ దగ్గర వస్తుంది: ఉపగ్రహానికి అక్కడ కనిపించేది గోడే. ఆ తూము విడిగా పెట్టకపోతే లేని చెరువొకటి పుడుతుంది. జీపీఎస్ ఇచ్చే ఎత్తునూ నేరుగా వాడకూడదు. సముద్ర మట్టపు ఎత్తుకూ దానికీ మన ప్రాంతంలో పదుల మీటర్ల తేడా.

వాన లెక్కలోనూ ఒక మెలిక ఉంది. వాతావరణ శాఖ రోజు ఉదయం 8.30కు మొదలై మర్నాడు 8.30కు ముగుస్తుంది. ఆ వేళకు అటూ ఇటూ కురిసిన ఒకే వాన రెండు రోజులుగా చీలిపోయి రెండూ మామూలుగానే కనిపిస్తాయి. ఇంత చిన్న వాగుకు గంటవారీ డేటా తప్పనిసరి. కాలువలో గుర్రపుడెక్క అల్లుకుంటే నీటికి కాలువ ఎంత అడ్డుపడుతుందో చెప్పే మ్యానింగ్ విలువ 0.03 నుంచి 0.06కు పోవచ్చు. అంటే అదే లోతులో మోసేది సగమే. జూన్‌లో తీయించిన డెక్క సెప్టెంబరుకు మళ్లీ కమ్మేస్తుంది కనుక లెక్క వేయాల్సింది సెప్టెంబరు కాలువకు.

హెచ్చరికలో క్యూసెక్కులు చెబితే సింగ్‌నగర్‌లో కింది అంతస్తువాళ్లకు ఏం తెలుస్తుంది? 20 వేల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) పది గంటలు పొర్లితే 72 కోట్ల ఘనపుటడుగులు, అంటే 0.72 టీఎంసీ, సుమారు రెండు కోట్ల ఘనపు మీటర్లు. 20 చదరపు కిలోమీటర్ల మీద పరిస్తే సగటున మీటరు లోతు. అందులో ఇంకేది, బయటికి పోయేది కలపలేదు, మొరటు లెక్కే. అయినా ‘మీ వీధిలో నడుము లోతు’ అన్నది జనానికి పనికొచ్చే మాట. బైకు పైకెక్కించాలా, మంచాన ఉన్న పెద్దాయన్ని తరలించాలా అన్నది అప్పుడే తేల్చుకోగలరు.

మోడల్‌ను సరిచూడడానికి వరద దిగాక గోడల మీద మిగిలిన బురద గీతలే గతి. సున్నం పడకముందే వీధికి రెండు మూడు చొప్పున మేకు కొట్టి గుర్తుపెట్టాలి. నేల నుంచి లోతు రాసుకుంటే చాలదు, ఎత్తు ముందే తెలిసిన దగ్గరి గుర్తు (బెంచ్‌మార్క్) నుంచి లెవెల్ మోసుకొచ్చి ఎత్తు కట్టాలి. రోడ్డు ఎత్తు మళ్లీ మారుతుంది, ఆ మేకు మారదు.