ఎస్కలేటర్ మీద మా కుర్రాడు

టెక్సస్‌లో మాదో చిన్న ఫార్మసీ. నాతో కలిపి 7 మందిమి. రెండేళ్ళ కిందట ఓ సోమవారం పొద్దున నేను తాళం తీస్తుంటే మా టెక్నీషియన్ కుర్రాడు పక్కకొచ్చి, ఆర్మీ నుంచి ఆర్డర్స్ వచ్చాయనీ, 11 నెలలు వెళ్ళాలనీ చెప్పాడు. ఆర్మీ రిజర్వ్‌లో ఉన్నాడని తెలుసు. నెలకో వీకెండ్ డ్రిల్, ఏడాదికి రెండు వారాల ట్రైనింగ్, అంతే అనుకున్నాను.

నా నోటివెంట వచ్చిన మొదటి మాట “కాయితం ఏదీ?”, రెండోది “ముందు నీ వెకేషన్ రోజులు వాడేసుకో.” సైన్యం పని మీద వెళ్ళేవాళ్ళ ఉద్యోగాన్ని కాపాడే చట్టం ఒకటుంది, దాని ప్రకారం రెండూ తప్పే. నోటిమాటగా చెప్పినా చాలు. వెకేషన్ వాడుకోవాలా వద్దా అనేది అతని ఇష్టం, నేను బలవంతపెట్టకూడదు.

నా ధీమా అంతా ఒక్కటే, మాది బుల్లి షాపు కదా అని. ప్రైవేటు కంపెనీలకి కాన్పు సెలవుల చట్టం 50 మంది ఉంటేనే వర్తిస్తుంది, ఇదీ అలాంటిదేలే అనుకున్నాను. కాదట. 1994లో వచ్చిన ఈ చట్టాన్ని అందరూ యూసెర్రా అంటారు. దానికి ఆ లెక్కే లేదు. ఒక్కరే పనిచేసినా వర్తిస్తుంది.

అతను వెళ్ళాక ఓ అమ్మాయిని పెట్టుకున్నాను. చురుకైన పిల్ల. మాత్రలు ఐదైదుగా గరిటెతో పక్కకి జరుపుతూ ఒకసారి లెక్కపెట్టిందంటే మళ్ళీ చూడక్కర్లేదు. 11 నెలలు గడిచాయి, ఇంకో నెలన్నర కూడా గడిచింది, ఫోన్ లేదు. ఇక రాడులే అని, నిజం చెప్పాలంటే, కాస్త ఊపిరి పీల్చుకున్నాను. ఏడో వారంలో ఈమెయిల్ వచ్చింది: “పనిలోకి ఎప్పుడు రమ్మంటారు?”

నాకు టెన్షన్ మొదలైంది. ఇద్దరికీ జీతం ఎక్కడినుంచి తేను? మా ఆయన “ఆలస్యం చేశాడుగా, కుదరదని చెప్పెయ్” అన్నాడు. ఆ మాట వినకపోవడమే మంచిదైంది. రిజర్విస్టులకీ యజమానులకీ మధ్య ఇలాంటివి చక్కబెట్టడానికి రక్షణశాఖ కింద ఈఎస్‌జీఆర్ అని ఒకటుంది. ఫోన్ చేస్తే ఓ వాలంటీర్ ఓపిగ్గా చెప్పాడు. సర్వీసు 180 రోజులు దాటితే, తిరిగొచ్చాక పని అడగడానికి 90 రోజుల గడువుంటుందట. మావాడు అందులో సగం రోజులే వాడుకున్నాడు. అతని చోట్లో ఇంకొకరిని పెట్టుకున్నామన్నది సాకు కింద చెల్లదు.

జీతం ఎంతివ్వాలి అనడిగితే ఆయన ఎస్కలేటర్ సంగతి చెప్పాడు. 1946లో సుప్రీంకోర్టు వాడిన పోలిక అది. ఎస్కలేటర్ దిగిన మెట్టు దగ్గరికి కాదు, ఈలోగా ఇక్కడే ఉండి ఉంటే ఏ మెట్టు మీద ఉండేవాడో అక్కడికే చేర్చాలి. ఆ జనవరిలో మిగతావాళ్ళకి గంటకి 75 సెంట్లు పెంచాను. అతనికీ పెంచాలన్నమాట. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ జీతం ఇవ్వక్కర్లేదు గానీ, సీనియారిటీ, పెన్షన్ లెక్కల్లో అతను మా దగ్గర ఉన్నట్టే. పైగా ఏడాదిపాటు సరైన కారణం లేకుండా తీసెయ్యకూడదు.

ఈలోగా మేం సాఫ్ట్‌వేర్ మార్చేశాం. అది నేర్పే బాధ్యతా మాదే. మూడు సాయంత్రాలు పక్కన కూర్చుని నేర్పాను. ఇన్సూరెన్స్ రిజెక్ట్ చేసిన ప్రిస్క్రిప్షన్ మళ్ళీ పంపే దగ్గర రోజూ తికమకపడేవాడు. నేను మాత్రం దానికి రెండు వారాలు తీసుకున్నాను, ఆ మాట అతనికి చెప్పలేదు.

ఆ అమ్మాయి సంగతే ఇంకా నన్ను తొలుస్తుంది. ఈ చట్టంలో తనకంటూ ఏమీ లేదు. తీసుకున్న రోజే “ఇది అతను వచ్చేదాకానే” అని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు, ఎందుకంటే నాకే తెలీదు. కొన్నాళ్ళు సగం రోజులు ఇచ్చాను, తర్వాత తనే వేరేచోట చూసుకుంది.

మొన్న కుర్రాడు వచ్చే మూడు నెలల డ్రిల్ తేదీలు రాసిచ్చాడు. కౌంటర్ వెనక క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టాను.